ఆర్కిటెక్చర్, సివిల్ చదవడానికి అమెరికా వస్తున్నారా? కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

ఏటా మార్చి వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, మూడు చోట్ల అడ్మిట్ వచ్చింది. ఏది ర్యాంకులో పైనుంటే అందులో చేరిపోనా?" తెనాలి నుంచో, వరంగల్ నుంచో, కూకట్‌పల్లిలో ఏదో హాస్టల్ నుంచో. నేను ర్యాంకు అడగను. డిగ్రీ పూర్తి పేరేంటి, దానికి గుర్తింపు ఉందా, వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీద కోర్సుకి ఏ కోడ్ వేస్తారు అని అడుగుతాను. అవతల కాసేపు మాట ఉండదు. తర్వాత "కన్సల్టెన్సీ వాళ్ళు ఇవేం చెప్పలేదే" అంటారు.

నేను విజయవాడలో బి.ఆర్క్, అమెరికాలో ఎం.ఆర్క్ చేశాను. ఇప్పుడు ఇక్కడే మిడ్‌వెస్ట్‌లో ఒక చిన్న ఆఫీసులో పని. అప్పటి నా రూమ్మేట్ కాకినాడవాడు, సివిల్. వాడిప్పుడు స్ట్రక్చరల్ ఇంజనీరు. ఫోన్లో పదిమందికి పదిసార్లు చెప్పేవి ఒకచోట రాసి పెడితే నయం అనిపించింది.

అపోహ: ఎం.ఆర్క్ ఎక్కడ చేసినా ఎం.ఆర్కే

కాదు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. అమెరికాలో ఆర్కిటెక్చర్ డిగ్రీలకు గుర్తింపు ఇచ్చేది నాబ్ అనే సంస్థ. అది యూనివర్సిటీకి కాదు, ఒక్కో డిగ్రీకి విడివిడిగా ఇస్తుంది. అదీ బి.ఆర్క్, ఎం.ఆర్క్, డి.ఆర్క్ అనే ప్రొఫెషనల్ డిగ్రీలకే, అంటే లైసెన్స్‌కి దారితీసేవాటికే. ఎం.ఎస్. ఇన్ ఆర్కిటెక్చర్‌కి ఉండదు. పేరులో ఎం.ఆర్క్ ఉన్నా, అది పోస్ట్ ప్రొఫెషనల్ డిగ్రీ (ప్రొఫెషనల్ డిగ్రీ అయ్యాక పైన చేసేది) అయితే దానికీ ఉండదు. హార్వర్డ్‌నే తీసుకోండి. అక్కడ ఎం.ఆర్క్ వన్‌కి నాబ్ గుర్తింపు ఉంది, ఎం.ఆర్క్ టూకి లేదు. అంతమాత్రాన టూ తక్కువదని కాదు. దాని ఉద్దేశం వేరు.

మన ఐదేళ్ళ బి.ఆర్క్ చేసినవాళ్ళకి ఏడాది, ఏడాదిన్నర పోస్ట్ ప్రొఫెషనల్ కోర్సు చూపించి "తొందరగా అయిపోతుంది, ఫీజు కలిసొస్తుంది" అంటారు. నిజమే, కలిసొస్తుంది. కానీ తర్వాత ఇక్కడ లైసెన్స్ కావాలంటే మీ ఇండియా డిగ్రీని విడిగా మదింపు చేయించుకోవాలి. దాన్ని ఈసా అంటారు. అందులో తక్కువైన సబ్జెక్టులు ఉంటే మళ్ళీ చదవాలి. కొన్ని రాష్ట్రాలు దానికి బదులు అదనపు అనుభవం అడుగుతాయి. దారి మూసుకుపోదు, చుట్టూ తిరిగి వెళ్ళాలి. రీసెర్చ్ వైపో, కంప్యుటేషనల్ డిజైన్ వైపో వెళ్ళాలని ముందే తేల్చుకున్నవాళ్ళకి పోస్ట్ ప్రొఫెషనలే సరైనది. ఇక్కడ బిల్డింగులు కట్టి సంతకం పెట్టాలనుకునేవాళ్ళు మాత్రం నాబ్ వెబ్‌సైట్‌లో ఆ డిగ్రీ పేరు అక్షరం అక్షరం సరిచూసుకోండి. బి.ఆర్క్ ఉన్నవాళ్ళని చాలా చోట్ల మూడేళ్ళ కోర్సులో పైతరగతిలోకి తీసుకుని సుమారు రెండేళ్ళలో ముగిస్తారు. ఆ సంగతి అడ్మిషన్ ఆఫీసుకి మెయిల్ పెట్టి మీరే అడగాలి.

ఇంటర్ అయ్యాక నేరుగా వచ్చే పిల్లలకి ఇంకో తిరకాసు ఉంది. నాలుగేళ్ళ బి.ఎస్. ఇన్ ఆర్కిటెక్చర్ ప్రొఫెషనల్ డిగ్రీ కాదు. దాని మీద ఎం.ఆర్క్ చేయాల్సిందే.

అపోహ: డిగ్రీ చేతికొస్తే ఆర్కిటెక్ట్ అయిపోయినట్టే

మా అమ్మ ఊళ్ళో అందరికీ "మావాడు అమెరికాలో ఆర్కిటెక్టు" అని చెప్పుకుంది. నా కార్డు మీద మాత్రం ఆరేళ్ళపాటు "డిజైనర్" అనే ఉంది. లైసెన్స్ లేకుండా ఆర్కిటెక్ట్ అని రాసుకోవడం ఇక్కడ చట్టరీత్యా తప్పు. ఏఎక్స్‌పీ అనే శిక్షణ కార్యక్రమం కింద 3,740 గంటల అనుభవం లెక్క చూపించాలి. అందులో కనీసం 1,860 గంటలు లైసెన్స్ ఉన్న ఆర్కిటెక్ట్ కింద, ఆర్కిటెక్చర్ ఆఫీసులోనే చేయాలి. ఆ పైన ఏఆర్ఈ అనే పరీక్ష, ఆరు భాగాలు. లైసెన్స్ ఇచ్చేది రాష్ట్రం, దేశం కాదు. గంటలు ఎప్పటికప్పుడు నమోదు చేయకపోతే పాతవాటికి సగమే లెక్క కట్టే నిబంధన కూడా నేను చేరినప్పుడు ఉండేది. నేను మొదటి ఉద్యోగంలో బద్ధకించి కొన్ని నెలలు అలాగే పోగొట్టుకున్నాను. తప్పు నాదే.

అపోహ: అన్నిటికీ మూడేళ్ళ ఓపీటీ వస్తుంది

ఓపీటీ అంటే స్టూడెంట్ వీసా మీదే చదివినదాంట్లో ఉద్యోగం చేసుకునే అనుమతి. చదువయ్యాక 12 నెలలు అందరికీ ఉంటుంది. మరో 24 నెలలు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) కోర్సులకే. సివిల్‌కి ఇబ్బంది లేదు. ఆర్కిటెక్చర్‌లోనే మెలిక. 04.0201 కోడ్‌తో ఉన్న ఆర్కిటెక్చర్ స్టెమ్ జాబితాలో లేదు. 04.0902 కోడ్ ఉంది. ఒకే రకం చదువుని ఒక యూనివర్సిటీ మొదటి కోడ్ కింద, ఇంకో యూనివర్సిటీ రెండో కోడ్ కింద నడుపుతుంది. ఐ-20 మీద మేజర్ పక్కన ఆ అంకె రాసే ఉంటుంది. ఆ ఒక్క అంకెని బట్టి మీకు రెండేళ్ళు కలుస్తాయి, లేదా కలవవు.

కోడ్ సరిగ్గా ఉన్నా పనైపోలేదు. స్టెమ్ పొడిగింపు కావాలంటే మీ కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అనుమతిని సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) నమోదై ఉండాలి. పదిమంది పనిచేసే ఆర్కిటెక్చర్ ఆఫీసులు చాలా వాటికి ఆ ఊసే తెలియదు. ఇంటర్వ్యూ చివర్లో మొహమాటపడకుండా అడగండి. మొదటి ఏడాది ఓపీటీలో మొత్తం 90 రోజులకి మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. అసలు టెన్షన్ అక్కడ.

అపోహ: రెండేళ్ళు సైట్ మీద పనిచేశాను, డ్రాయింగులు నాకు నల్లేరు మీద నడకే

నేనూ అదే ధీమాతో వచ్చాను. మొదటి సెమిస్టర్‌లో ఒక చిన్న లైబ్రరీకి గోడ సెక్షన్ (నిలువునా కోస్తే లోపల కనిపించేది) గీయమన్నారు. తొమ్మిదంగుళాల ఇటుక గోడ, రెండు వైపులా ప్లాస్టరింగ్, పైన సన్‌షేడ్, పారాపెట్. కళ్ళు మూసుకుని గీసేశాను. ప్రొఫెసర్ ఎర్ర పెన్ను తీసుకుని గోడ మధ్యలో ఒక చుక్క పెట్టి, "జనవరిలో ఈ చుక్క దగ్గర ఏం జరుగుతుంది?" అని అడిగారు. నాకేం అర్థం కాలేదు.

మా బెజవాడ గోడకి బాధంతా బయటి నుంచే. ఎండ, వాన. ఇక్కడ చలికాలంలో లోపలి వెచ్చటి గాలిలోని తేమ గోడలోకి చొరబడి, చల్లటి పొర తగలగానే నీరవుతుంది, గడ్డకడుతుంది. కొన్నేళ్ళకి గోడ లోపల్లోపలే కుళ్ళిపోతుంది. అందుకే గోడంటే పొరలు. లోపల జిప్సం బోర్డు, తేమని ఆపే షీటు, 16 అంగుళాలకొకటి నిలబెట్టిన చెక్కల మధ్య ఇన్సులేషన్, బయట ప్లైవుడ్ లాంటి పలక, దాని మీద నీళ్ళు దిగకుండా ఇంకో షీటు, తర్వాత ఖాళీ, ఆ తర్వాత ఇటుక. ఆ ఇటుక ఇంటి బరువు మోయదు, చొక్కా మీద కోటు లాంటిది. కింది వరసలో ఇటుకల మధ్య అక్కడక్కడా సిమెంటు లేని సందులు చూసి మేస్త్రీ మర్చిపోయాడేమో అనుకున్నాను. అవి వీప్ హోల్స్, లోపలికి చేరిన నీళ్ళు బయటికి పోయే దారులు.

ఇంకోటి. ఇక్కడ 2 బై 4 చెక్క కొంటే అది 2 బై 4 ఉండదు. ఒకటిన్నర బై మూడున్నర అంగుళాలు ఉంటుంది. ఈ సంగతి తెలియక స్టూడియోలో నిజమైన సైజులో చేసిన మోడల్‌లో ప్రతి జాయింట్ అరంగుళం తేడా వచ్చింది. రాత్రి రెండింటికి దాన్ని విప్పి మళ్ళీ కోశాను. సైట్ అనుభవం వృథా కాదు. మేస్త్రీతో మాట్లాడ్డం వచ్చినవాడికి ఇక్కడి కాంట్రాక్టరుతో మాట్లాడ్డమూ వస్తుంది. డీటెయిల్ మాత్రం మొదటి నుంచి నేర్చుకోవాలి.

అపోహ: సివిల్ చదివినా చివరికి సాఫ్ట్‌వేర్‌లోకే

మా రూమ్మేట్‌కి ఈ సలహా ఇవ్వనివాడు లేడు. ఫెడరల్, రక్షణ ఉద్యోగాలకు పౌరసత్వం అడుగుతారు, అది నిజం. వంతెనలు, రోడ్లు, బిల్డింగులు చేసే ప్రైవేటు కన్సల్టింగ్ కంపెనీలు మాత్రం మనవాళ్ళని తీసుకుంటూనే ఉన్నాయి. వాళ్ళు చూసేది ఎఫ్ఈ, ఇంజనీరింగ్ లైసెన్స్‌కి మొదటి పరీక్ష. 110 ప్రశ్నలు, చదువుతుండగానే రాసేయొచ్చు. ఆ తర్వాత సాధారణంగా నాలుగేళ్ళ అనుభవం, ఇంకో పరీక్షతో పీఈ (ప్రొఫెషనల్ ఇంజనీర్) లైసెన్స్. "ఈ ఎం.ఎస్.కి అబెట్ గుర్తింపు ఉందా" అని చాలామంది అడుగుతారు. ఇంజనీరింగ్ కోర్సులకి గుర్తింపునిచ్చే సంస్థ అబెట్. అది ఎక్కువగా చూసేది బ్యాచిలర్స్ డిగ్రీలని. మీ బి.టెక్‌ని చాలా రాష్ట్రాల్లో ఎన్‌సీఈఈఎస్ అనే లైసెన్స్ పరీక్షల సంస్థ ద్వారా మదింపు చేయించుకోవాలి. జేఎన్‌టీయూ ట్రాన్స్‌క్రిప్టులు, సిలబస్ కాపీలు వచ్చేటప్పుడే తెచ్చుకోండి. ఇక్కడి నుంచి తెప్పించుకోవడం నరకం.

ఈటాబ్స్, స్టాడ్ లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్లు వచ్చు కాబట్టి చాలనుకోవద్దు. మన దగ్గర ఎం25 కాంక్రీటులో 25 అంటే 150 మిల్లీమీటర్ల క్యూబుని 28 రోజులకి పరీక్షిస్తే వచ్చే బలం. ఇక్కడ పరీక్షించేది సిలిండర్‌ని. అదే కాంక్రీటు సిలిండర్‌లో దాదాపు 80 శాతమే చూపిస్తుంది. మావాడు మొదటి అసైన్‌మెంట్‌లో క్యూబు బలాన్ని అలాగే ఎత్తి సూత్రంలో పెట్టేశాడు. భద్రత కోసం బరువుల్ని 1.5 రెట్లు చేసి లెక్కకట్టే మన అలవాటు కూడా మానుకోవాలి. ఇక్కడ సొంత బరువుకి 1.2, వాడకం బరువుకి 1.6.

ఓపీటీ అయ్యాక కావాల్సిన ఉద్యోగ వీసా హెచ్-1బి లాటరీయే. ఏటా మామూలు కోటా 65,000, ఇక్కడ మాస్టర్స్ చేసినవాళ్ళకి ఇంకో 20,000. ఇదివరకు అందరికీ ఒకే అవకాశం ఉండేది, 2026 నుంచి జీతం స్థాయి ఎక్కువున్నవాళ్ళకి అవకాశం ఎక్కువ.

అపోహ: పోర్ట్‌ఫోలియోలో రెండర్లు అదిరిపోతే సీటు గ్యారంటీ

బయట డబ్బులిచ్చి చేయించిన త్రీడీలని ప్రొఫెసర్లు ఇట్టే పట్టేస్తారు. నా పోర్ట్‌ఫోలియోలో ఇంటర్వ్యూ అంతా మాట్లాడింది ఒక్క పేజీ గురించే. కోనసీమలో ఒక మండువా లోగిలిని టేపుతో కొలిచి చేత్తో గీసిన సెక్షన్. వాన నీళ్ళు మండువాలోకి ఎలా దిగుతాయో, అక్కడి నుంచి తూములోకి ఎలా వెళ్తాయో చూపించాను. మీ ఊళ్ళో అలాంటివి ఇంకా కూలిపోకుండా ఉంటే వెళ్ళి కొలవండి.

అపోహ: జర్మనీలో చదువు ఉచితం

చాలావరకు, అన్నిచోట్లా కాదు. స్టుట్‌గార్ట్, కార్ల్స్‌రూ ఉన్న బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం 2017 నుంచి మనలాంటివాళ్ళ దగ్గర సెమిస్టర్‌కి 1,500 యూరోలు తీసుకుంటోంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 నుంచి ఫీజు పెట్టింది. నెలకింత చొప్పునే తీసుకోగలిగే బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి, మన చదువు కాగితాలు అసలువేనని చెప్పే ఏపీఎస్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఇంజనీరింగ్ వాళ్ళు ఇంగ్లీషుతో ఎలాగో నెట్టుకొస్తారు. ఆర్కిటెక్చర్ ఆఫీసులో మునిసిపాలిటీ ఉత్తరాల నుంచి మేస్త్రీ మాట వరకూ అన్నీ జర్మన్‌లోనే.

అపోహ: ఫారిన్ డిగ్రీ కదా, ఇండియా వస్తే అడిగేవాడెవడు

1972 ఆర్కిటెక్ట్స్ చట్టం అడుగుతుంది. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవాళ్ళే ఆర్కిటెక్ట్ అని చెప్పుకోవాలి. ఇండియాలో బి.ఆర్క్ చేసి వచ్చినవాళ్ళకి బెంగ లేదు, రిజిస్ట్రేషన్ రెన్యువల్ మర్చిపోకపోతే చాలు. ఇంటర్ తర్వాత నేరుగా విదేశంలో చదివినవాళ్ళకి ఆ డిగ్రీ దానంతటదే చెల్లదు. ఫీజు కట్టకముందే కౌన్సిల్‌కి రాసి, జవాబు కాగితం మీద తెప్పించుకోండి. నా రిజిస్ట్రేషన్ రెన్యువల్ సంగతి ఇప్పటికీ మా నాన్నే చూసుకుంటారు. "నువ్వు రాకపోయినా పర్లేదు, కార్డు బతికుండాలి" అంటారాయన.