పోయేటప్పుడు ఒక లెక్క, వచ్చేటప్పుడు ఇంకో లెక్క

న్యూయార్క్, బీజింగ్ రెండూ ఇంచుమించు 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదే ఉన్నాయి. గోడకు తగిలించిన మ్యాప్ చూస్తే, విమానం ఆ గీత వెంబడే పసిఫిక్ దాటి పోతుందనిపిస్తుంది. నిజానికి దగ్గరి దారి ఉత్తర ధ్రువం పక్క నుంచి పోతుంది.

నమ్మకం కుదరకపోతే ఒక గ్లోబు, ఒక దారం తీసుకోండి. దారం ఒక కొసను న్యూయార్క్ మీద వేలితో నొక్కిపట్టి, రెండో కొసను బీజింగ్ దగ్గర బిగించి లాగండి. దారం అక్షాంశ రేఖను వదిలేసి తనంతట తానే పైకి జారి ఆర్కిటిక్ మీదికి చేరుతుంది. రేఖ వెంట పోతే సుమారు 14,400 కిలోమీటర్లు, దారం చూపిన దారిలో సుమారు 11,000. దీన్నే గ్రేట్ సర్కిల్ దారి అంటారు.

దూరం సంగతి అక్కడితో తేలిపోయింది. రెండు ఎయిర్‌పోర్టుల అక్షాంశ రేఖాంశాలు తెలిస్తే ఫోన్లో క్షణంలో లెక్క వస్తుంది, అది ఏ రోజైనా అంతే. టైమ్ అలా కాదు. విమానం ఎగిరేది గాలిలో, ఆ గాలి ఊరికే ఉండదు.

భూమికి పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే గాలి ప్రవాహం నదిలా పారుతుంటుంది. 2020 ఫిబ్రవరిలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 ఒకటి ఆ గాలి ఊపుతో న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. నేల మీది లెక్కలో దాని వేగం గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. అయినా ధ్వని వేగాన్ని మించలేదు. ఎందుకంటే ధ్వని వేగం దాటిందా లేదా అన్నది చుట్టూ ఉన్న గాలితో పోల్చి చూడాలి, ఆ గాలే విమానంతో పాటు పరుగెడుతోంది.

పోయేటప్పుడు కలిసొచ్చిన గాలి తిరిగొచ్చేటప్పుడు ఎదురొస్తే లాభం, నష్టం చెల్లుకు చెల్లు అవుతాయా? అవ్వవు. ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు నమ్మలేక మళ్లీ వేశాను. న్యూయార్క్, లండన్ మధ్య దూరం సుమారు 5,540 కిలోమీటర్లు. గాలి లేకపోతే గంటకు 900 కిలోమీటర్ల చొప్పున రానూపోనూ 12 గంటల 19 నిమిషాలు. గంటకు 150 కిలోమీటర్ల గాలి ఉందనుకోండి: తూర్పుకి 5 గంటల 17 నిమిషాలు, పడమరకు 7 గంటల 23 నిమిషాలు, మొత్తం 12 గంటల 40. ఎదురుగాలిలోనే ఎక్కువసేపు ఉంటాం కాబట్టి నష్టం ఎప్పుడూ ఓ మెట్టు ఎక్కువే.

అందుకే రూట్ ప్లాన్ చేసేవాళ్లు ఆ రోజు గాలిని చూసి దారి గీస్తారు. తూర్పుకి పోయేటప్పుడు కాస్త చుట్టు అయినా జెట్ స్ట్రీమ్‌లోకి దూరుతారు, పడమరకు వచ్చేటప్పుడు దాన్ని తప్పించుకుంటారు. టికెట్ మీది టైమ్‌లో విమానం రన్‌వే దాకా నేల మీద వెళ్లే నిమిషాలు కూడా కలిసి ఉంటాయి.

గాలి ఒక్కటే కాదు, అనుమతి కూడా కావాలి. హెల్సింకి, టోక్యోల మధ్య దారం బిగిస్తే అది రష్యా మీదుగా పోతుంది. 2022లో ఆ గగనతలం యూరప్ విమానాలకు మూసుకుపోవడంతో, అంతకుముందు తొమ్మిదిన్నర గంటలు పట్టే ప్రయాణం సుమారు 13 గంటలైంది. టోక్యోకు వెళ్లే విమానాలు ఉత్తర ధ్రువం మీదుగా, అలాస్కా వైపు నుంచి తిరిగి జపాన్ చేరడం మొదలుపెట్టాయి.