నీరసం కూడా జబ్బులో భాగమే: కీళ్లవాతం చుట్టూ అల్లుకున్న అపోహలు

పేషెంట్లు చేతివేళ్ల వాపు చూపిస్తారు. పొద్దున్నే లేస్తే పిడికిలి పడట్లేదని చెబుతారు. రిపోర్టులు బల్ల మీద పెడతారు. నేను అన్నీ చూసి, మందులు రాసి, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పాక లేచి తలుపు దాకా వెళ్తారు. అప్పుడు వెనక్కి తిరిగి అంటారు: "మేడమ్, ఒంట్లో సత్తువే ఉండట్లేదండి. దానికేమైనా రాస్తారా?"

రుమటాలజిస్టుగా, అంటే కీళ్లవాతం జబ్బులు చూసే డాక్టరుగా ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో ఈ మాటకి ఒక బి కాంప్లెక్స్ మాత్ర రాసి పంపేసేదాన్ని. వాపు తగ్గితే నీరసం దానంతటదే పోతుందనుకునేదాన్ని. అది నిజం కాదని నాకు పేషెంట్లే నేర్పారు. మందులకి వాపు పూర్తిగా తగ్గినవాళ్లు కూడా "మధ్యాహ్నానికే పడిపోతున్నాను" అంటుంటే, నేను చూడనిది ఏదో ఉందని అర్థమైంది. ఇప్పుడు వాపు కన్నా ముందు నీరసం గురించే అడుగుతున్నాను.

కీళ్లవాతం అంటే ఒక్క జబ్బు కాదు: చేతులు, కాళ్ల కీళ్లు వాచే రుమటాయిడ్ ఆర్థరైటిస్, చర్మం, కీళ్లు, కిడ్నీల దాకా పాకే లూపస్, వెన్ను బిగుసుకుపోయే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్, కళ్లు, నోరు ఎండిపోయే షోగ్రెన్ సిండ్రోమ్. పేర్లు వేరైనా, మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ మన ఒంటి మీదే తిరగబడటం వీటన్నిటిలో ఉంది. వీటి గురించి ఇళ్లల్లో, ఓపీ బయట బెంచీల మీద చెప్పుకునే మాటల్లో నేను తరచుగా వినేవి కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: నీరసం ఎవరికి ఉండదు? ఇదంతా బద్ధకం, లేకపోతే టెన్షన్.

2006 ప్రాంతంలో చికున్‌గున్యా మన ఊళ్లను ఊపేసిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. జ్వరం మూడు నాలుగు రోజుల్లో తగ్గినా మంచం దిగాలంటే ప్రాణం లేచి రాలేదు. గ్లాసు ఎత్తడమే పెద్ద పని. అప్పుడు ఎవరూ ఎవరినీ బద్ధకస్తులనలేదు, ఎందుకంటే ఇంటింటా అదే పరిస్థితి.

ఆ నీరసానికి కారణం వైరస్ ఒక్కటే కాదు. దానితో పోరాడటానికి మన శరీరం టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి రసాయనాలను విడుదల చేస్తుంది. "కదలకు, పడుకో" అని అవి మెదడుకి చెబుతాయి. జ్వరమప్పుడు అది మన మేలుకే. కీళ్లవాతంలో ఇవే రసాయనాలు జ్వరం లేకుండానే నెలల తరబడి, ఏళ్ల తరబడి తయారవుతుంటాయి. అంటే పైకి మామూలుగా కనిపిస్తూ, లోపల రోజూ జ్వరం పడ్డవాళ్లలా బతకడం. రాత్రి ఎనిమిది గంటలు పడుకున్నా పొద్దున్నే అలసటతోనే లేవడం. మామూలు అలసట నిద్రతో పోతుంది, ఇది పోదు. తేడా అక్కడుంది.

ఈ మాట పేషెంటుకి చెబుతూ, పక్కన కూర్చున్న భర్తకో అత్తగారికో కూడా వినబడేలా చెబుతాను. "చూడ్డానికి బాగానే ఉందిగా" అన్న ఒక్క మాట వల్ల ఎంతమంది ఆడవాళ్లు వాచిన మణికట్లతో చపాతీ పిండి కలుపుతూ, నోరెత్తకుండా ఉండిపోయారో నేను చూశాను. రుమటాయిడ్ ఆర్థరైటిస్ మగవాళ్లలో కన్నా ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. అందుకే ఈ నింద కూడా వాళ్ల మీదే ఎక్కువ పడుతోంది.

డాక్టర్లం మేమూ ఆలస్యం చేశాం. రుమటాయిడ్ ఆర్థరైటిస్ మందుల మీద చేసే పరిశోధనల్లో నీరసాన్ని కూడా తప్పకుండా కొలవాలని ఓమెరాక్ట్ అనే అంతర్జాతీయ బృందం సిఫారసు చేసింది 2007లో. అది కూడా పేషెంట్లు ఆ సమావేశాల్లో కూర్చుని, మాకు ముఖ్యమైనది మీరు కొలవట్లేదని చెప్పాకే.

అపోహ: ఒక సెలైన్ ఎక్కించుకుంటే బలం వస్తుంది.

ఈ నమ్మకం మీద మన దగ్గర ఎంత డబ్బు ఖర్చవుతోందో తలుచుకుంటే బాధేస్తుంది. లెక్క చూడండి. అర లీటరు సెలైన్ సీసాలో ఉండేది నీళ్లు, నాలుగున్నర గ్రాముల ఉప్పు. అంతే. ఐదు శాతం గ్లూకోజ్ సీసా అయితే 25 గ్రాముల గ్లూకోజ్, అంటే సుమారు ఐదారు టీస్పూన్ల పంచదార. ఇంట్లో ఒక అరటిపండు, గ్లాసుడు మజ్జిగ తీసుకున్నా అంతకన్నా ఎక్కువే అందుతుంది. వాంతులు, విరేచనాలతో నీరు పోయినవాళ్లకి సెలైన్ ప్రాణం నిలబెడుతుంది. కీళ్లవాతం నీరసానికి అది మందు కాదు. గుండె, కిడ్నీ సమస్యలున్నవాళ్లకి అనవసరంగా ఎక్కించే సీసా ప్రమాదం కూడా. సెలైన్ పెట్టించుకున్న సాయంత్రం తేలిగ్గా అనిపించిందంటే, ఆ రెండు గంటలు కదలకుండా పడుకోవడం వల్ల కావచ్చు, అదే సూదిలో కలిపిన స్టెరాయిడ్ వల్ల కూడా కావచ్చు.

అపోహ: ఒంట్లో వాపును చూపించే రక్త పరీక్షలు ఈఎస్ఆర్, సీఆర్పీ నార్మల్‌కి వచ్చాయి. ఇంకా నొప్పి, నీరసం అంటే అది మనసులోదే.

నన్ను ఎక్కువ కలవరపెట్టే మాట ఇదే. దీన్ని కొందరు డాక్టర్లు కూడా అంటారు.

కీళ్లవాతం ఉన్నవాళ్ల నొప్పి అంతా ఒకే రకం కాదు. మొదటిది ఇన్‌ఫ్లమేషన్, అంటే రోగనిరోధక వ్యవస్థ రేపే వాపు, మంట వల్ల వచ్చే నొప్పి. పొద్దున్నే ఎక్కువ, కీళ్లు గంటసేపు బిగుసుకుపోతాయి, పనిలో పడ్డాక కాస్త సడలుతాయి. రెండోది, ఏళ్ల తరబడి జబ్బు వల్ల కీలు అరిగి, వంకర పోయి వచ్చే నొప్పి. అది పని చేసిన కొద్దీ పెరిగి, సాయంత్రానికి ముదురుతుంది. మూడోది నరాల వ్యవస్థది. పక్కవీధి పెళ్లిలో రాత్రంతా మైకు మోగిందనుకోండి, పొద్దున్న మైకు ఆపేశాక కూడా చెవుల్లో హోరు ఉంటుంది కదా. అలా, ఏళ్లుగా నొప్పి సంకేతాలు అందుకున్న మెదడు, వెన్నుపాము ఆ సంకేతాలను పెద్దవి చేసి వినడం అలవాటు చేసుకుంటాయి. అప్పుడు వాపు లేని చోట కూడా నొప్పి. ఒళ్లంతా తీపులు, చెయ్యి వేస్తే సహించలేకపోవడం, నిద్ర పట్టకపోవడం, మాట మధ్యలో మర్చిపోవడం. ఫైబ్రోమయాల్జియా అనే ఒళ్లునొప్పుల జబ్బులో ఉండేది ఇదే. కీళ్లవాతం ఉన్నవాళ్లలో చాలామందికి ఇది కూడా తోడవుతుంది. ఈ రకం నొప్పికి 2017లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం నోసిప్లాస్టిక్ నొప్పి అని పేరు పెట్టింది. రక్త పరీక్షలో అది దొరకదు. దొరకనంత మాత్రాన అబద్ధం కాదు.

ఈ తేడా తెలియకపోతే వైద్యం దారి తప్పుతుంది. మూడో రకం నొప్పికి కీళ్లవాతం మందు డోసు పెంచుకుంటూ పోతే ఉపయోగం లేదు, సైడ్ ఎఫెక్టులు మాత్రం పెరుగుతాయి. మొదటి రకం నొప్పిని ఆందోళన అని కొట్టిపారేస్తే కీలు పాడవుతుంది.

నీరసం విషయంలో కూడా ఇంతే, వెతకాలి. హిమోగ్లోబిన్ చూడాలి. ఇక్కడ ఒక చిక్కుంది: శరీరంలో ఇన్‌ఫ్లమేషన్ ఉన్నప్పుడు ఐరన్ నిల్వలు చూపించే ఫెర్రిటిన్ ఎక్కువగా కనిపిస్తుంది. దాంతో ఐరన్ లోపం బయటపడదు. మెడికల్ షాపులో సొంతంగా కొనుక్కునే నొప్పి మాత్రలతో కడుపులో పుండు పడి, కంటికి కనిపించకుండా రోజూ కొంచెం రక్తం పోయేవాళ్లు ఉంటారు. నొప్పికి మాత్ర, ఆ మాత్రతో రక్తం తక్కువ, రక్తం తక్కువై నీరసం. థైరాయిడ్ కూడా ఈ జబ్బులకి తరచూ తోడొస్తుంది. బి12, షుగర్, డిప్రెషన్, నిద్ర అన్నీ అడగాలి. రాత్రి ఎన్నిసార్లు మెలకువ వస్తోందని అడిగితే చాలామంది ముందు ఆశ్చర్యపోతారు, తర్వాత అరగంట చెబుతారు. కళ్లలో ఇసుక పడ్డట్టుంది, నీళ్లు తాగితే గానీ ముద్ద దిగదు అంటే షోగ్రెన్ గురించి ఆలోచిస్తాను. ఆ జబ్బులో నీరసం చాలా ఎక్కువ.

అపోహ: వంకాయ, చింతపండు, పప్పు మానేస్తే కీళ్లవాతం తగ్గుతుంది.

పులుపు వల్లగానీ వంకాయ వల్లగానీ రుమటాయిడ్ ఆర్థరైటిస్ రాదు. యూరిక్ యాసిడ్‌తో వచ్చే గౌట్ వేరే జబ్బు, అక్కడ లివర్ లాంటి మాంసం, బీరు తగ్గించమంటాం. దీన్నీ దాన్నీ కలిపేసి పప్పు, గుడ్డు, పెరుగు అన్నీ మానేసి చారన్నంతో నెట్టుకొచ్చేవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. జబ్బే కండను కరిగిస్తుంది. దానికి తిండి కూడా తగ్గితే ఇంక కాళ్లలో బలం ఎక్కడిది? ఏదైనా ఒక పదార్థం మీకు నిజంగా పడట్లేదనిపిస్తే అదొక్కటే మానండి. మిగతావి తినండి.

అపోహ: నొప్పి, నీరసం ఉంటే పూర్తిగా రెస్ట్ తీసుకోవాలి.

బాగా వాచి, వేడిగా ఉన్న కీలుకి కొన్ని రోజులు విశ్రాంతి కావాలి. మనిషికి మాత్రం మంచం వద్దు. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ ఉన్న కుర్రాళ్లను అడగండి, తెల్లవారుజామున నడుం నొప్పికి మెలకువ వస్తుంది, లేచి తిరిగితే తగ్గుతుంది. పడుకున్న కొద్దీ పెరుగుతుంది.

ఎక్కువమంది చేసే పొరపాటు నాకు సంక్రాంతి తర్వాత ఓపీలో కనిపిస్తుంది. ఆ రోజు కాస్త ఓపిగ్గా ఉందని ఇల్లు కడిగి, అరిసెలు, జంతికలు, సున్నుండలు అన్నీ ఒక్క రోజులో చేసేస్తారు. తర్వాత నాలుగు రోజులు లేవలేరు. మళ్లీ కాస్త బాగుందనిపించగానే పేరుకుపోయిన పనంతా ఒకేసారి. ఇలా ఎగుడుదిగుడుగా నడిస్తే నీరసం ఏళ్లు గడిచినా తగ్గదు. బాగున్న రోజున కూడా పనిని ముక్కలు చేసుకోవాలి: ఇవాళ పిండి పట్టించడం, రేపు పాకం, మధ్యలో అలసట రాకముందే పది నిమిషాలు కూర్చోవడం. పాకం కలపడానికి ఇంకొకరి చెయ్యి అడగడం తప్పు కాదు.

నడక ఐదు నిమిషాలతో మొదలుపెట్టమంటాను. అవును, ఐదే. వారం తర్వాత ఏడు. మొదటి రెండు వారాలు అలసట కొంచెం పెరిగినట్టు అనిపించవచ్చు, భయపడి ఆపొద్దు. బ్రిటన్‌లో ఇలాంటి జబ్బులున్న 367 మందితో చేసిన ఒక పరిశోధన 2022లో వచ్చింది. కొందరికి ఎవరి ఓపికకి తగ్గట్టు వాళ్లకి వ్యాయామం నేర్పారు. కొందరికి నీరసం గురించిన ఆలోచనలను, అలవాట్లను మార్చుకునే కౌన్సెలింగ్ ఇచ్చారు. రెండూ ఫోన్‌లోనే. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్ల కన్నా ఈ రెండు గుంపులకీ నీరసం తగ్గింది, 56 వారాల తర్వాత కూడా ఆ మేలు కనిపించింది. ఆసుపత్రికి రాలేని పల్లెటూరి పేషెంట్లకి ఫోన్‌లో ఇది చేయవచ్చన్న సంగతి నాకు చాలా ఆశ కలిగించింది.

అపోహ: ఈ మందుల వల్లే నీరసం. మానేస్తే తేలిక పడతాను.

ఇందులో కొంత నిజముంది. కీళ్లవాతానికి ఎక్కువగా రాసే మెథోట్రెక్సేట్ వేసుకున్న మర్నాడు కొందరికి వికారం, తల బరువు, నిస్సత్తువ ఉంటాయి. నాకు చెప్పండి. సెలవు రోజుకి ముందు రాత్రి వేసుకునేలా మార్చవచ్చు, దాంతోపాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ విటమిన్ సరిచూడవచ్చు, మాత్ర పడకపోతే ఇంజెక్షన్ ఉంది. చెప్పకుండా మానేస్తే కొన్ని వారాల్లో జబ్బు తిరగబెడుతుంది, అప్పుడు వచ్చే నీరసం దీనికి పదింతలు. ఇంకో మాట: ఇది వారానికి ఒక్క రోజే వేసుకోవాల్సిన మందు. రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. వారంలో ఏ రోజు వేసుకోవాలో స్ట్రిప్ మీద పెన్నుతో రాసి పెట్టుకోండి.

అపోహ: ఫలానా ఊళ్లో ఇచ్చే పొడితో మూడు రోజుల్లో నొప్పి, నీరసం మాయం. ఆకు మందు కాబట్టి సైడ్ ఎఫెక్ట్ ఉండదు.

మూడు రోజుల్లో అన్నీ మాయమైతే అందులో స్టెరాయిడ్ కలిసిందేమోనని అనుమానించాలి. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో కార్టిసోన్ అనే స్టెరాయిడ్‌ని కీళ్లవాతానికి మొదటిసారి ఇచ్చినప్పుడు కూడా, మంచం దిగలేని పేషెంటు కొన్ని రోజుల్లోనే లేచి నడిచింది. అందరూ జబ్బు నయమైందనుకున్నారు. దుష్ఫలితాలు తర్వాత బయటపడ్డాయి. మేమూ స్టెరాయిడ్ వాడతాం, కానీ ఎంత, ఎన్నాళ్లు అని లెక్కపెట్టి వాడతాం. లేబుల్ లేని పొట్లంలో ఆ లెక్క ఉండదు. ముఖం ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి.

నెలల తరబడి వాడి, ఎవరో చెప్పారని ఒక్కసారిగా ఆపేస్తే ఇంకా ప్రమాదం. అప్పటికి శరీరం తన సొంత స్టెరాయిడ్ తయారు చేసుకోవడం తగ్గించేసి ఉంటుంది. విపరీతమైన నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం, స్పృహ తప్పడం దాకా వెళ్తుంది. అలాంటి పొడి ఏదైనా వాడుతుంటే దాచిపెట్టకండి, హఠాత్తుగా ఆపకండి. ఆ పొట్లం జేబులో వేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఎన్నాళ్లు, రోజుకి ఎంత వాడారో చెబితే, మెల్లగా ఎలా తగ్గించాలో మేం చెప్పగలం.