‘అన్నీ అయ్యాక సుఖపడదాం’ – కొన్ని అపోహలు, వాస్తవాలు

మే నెలలో గుంటూరు మిర్చి యార్డుకి ఎండాకాలం సెలవులిస్తారు. సరిగ్గా అప్పుడే సైకాలజిస్టునైన నా దగ్గరికి యార్డులో పనిచేసేవాళ్ళు కొందరు వస్తారు. గుండె దడ, నిద్ర పట్టదు, ఇంట్లో అందరిమీదా చిరాకు. ఈసీజీ, ఎకో బాగానే ఉన్నాయని కొత్తపేటలో డాక్టరు చెప్పి పంపించి ఉంటారు. (ముందు ఆ పరీక్షలే చేయించాలి. దడ అనగానే సైకాలజిస్టు దగ్గరికి పరిగెత్తుకు రాకండి.)

అందరిదీ ఒకటే మాట: “పిల్లలు సెటిలయ్యాక సుఖపడదామనుకున్నామండీ. ఇప్పుడేమో ఏమీ తోచట్లేదు.”

అపోహ: సంతోషాన్ని ఇప్పుడు దాచిపెట్టి, తర్వాత తీరిగ్గా వాడుకోవచ్చు.

వాస్తవం: కుదరదు. టిక్కీలు (మిర్చి బస్తాలు) కోల్డ్ స్టోరేజీలో పెట్టి రేటొచ్చాక తీసినట్టు సరదాని తీయలేం. వాడకపోతే అది మొద్దుబారిపోతుంది.

ఒక కమిషన్ వ్యాపారి వచ్చారు (ఆనవాలు పట్టకుండా వివరాలు మార్చాను). “ఏం చేస్తే మీకు హాయిగా ఉంటుంది?” అనడిగితే భార్య వంక చూశారు. ఆవిడే చెప్పింది, “పెళ్ళయిన కొత్తలో క్యారమ్స్ బాగా ఆడేవారండీ.”

మా చికిత్సల్లో బిహేవియరల్ యాక్టివేషన్ అని ఒకటుంది. మనసు బాగుపడ్డాక చేద్దామని ఆగకుండా ముందు ఆ పని చేసేసి, ఎంత సరదా అనిపించిందో పదికి మార్కు వేసుకోవాలి. డిప్రెషన్‌కి పరీక్షల్లో నిలబడిన పద్ధతే. రోజూ ఇరవై నిమిషాలు ఆడమన్నాను. వారం తర్వాత జేబులోంచి పాత కాటా చీటీ తీశారు. వెనకవైపు పెన్నుతో వరసగా 1, 1, 2, 1, 3. “దండగండీ” అన్నారు. నాకు మాత్రం ఆ 3 చూసి ప్రాణం లేచొచ్చింది. ఆ రోజేమైందంటే, మనవడు రెడ్ వేసి ఫాలో వెయ్యలేక ఏడ్చాట్ట, ఈయనకి నవ్వొచ్చిందట.

నేనేదో ఆరితేరానని కాదు. ఆదివారం మధ్యాహ్నం నడుం వాలిస్తే మా అమ్మ “ఒంట్లో బాలేదా?” అంటుంది. చాలా ఏళ్ళు తలనొప్పని అబద్ధమాడాను.

మిగతావి గబగబా చెప్పేస్తాను. కష్టపడేవాళ్ళకి డిప్రెషన్ రాదంటారు. హమాలీకీ వస్తుంది, ఓనరుకీ వస్తుంది. ఎన్ని గంటలు చేస్తే అంత మంచిదా? వారానికి 55 గంటలు, అంతకుమించి పనిచేసేవాళ్ళకి, 35-40 గంటలు చేసేవాళ్ళకన్నా పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో లెక్క తేల్చాయి. వారానికి 90 గంటలు పనిచెయ్యాలనే ఉపన్యాసాలు ఫార్వర్డ్ చేసే పెద్దమనుషులు దీన్ని కూడా చెయ్యండి. పోనీ పని మానేస్తే సరిపోతుందా అంటే, యార్డు మూస్తేనే కదా వీళ్ళకి దడ మొదలైంది! నిద్ర నాలుగు గంటలు చాలన్నది ఒట్టి వాట్సాప్ కబురు. పెద్దవాళ్ళకి కనీసం ఏడు గంటలు కావాలి.

దేనిమీదా మనసు పోకుండా రెండు వారాలు దాటితే అది బద్ధకం కాదు, మీ తప్పూ కాదు. మా దగ్గరికి రావడానికి మొహమాటమైతే టెలీ మానస్ (మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్) 14416కి ఫోన్ చెయ్యండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. రాత్రి రెండింటికి చేసినా పనిచేస్తుంది.