ఎన్ని కుట్లు పడ్డాయి?

ఆపరేషన్ అయినవాళ్లను పలకరించడానికి వెళ్తే మనవాళ్లు ముందుగా అడిగేది ఇదే. కుట్ల లెక్కను బట్టి గాయం ఎంతదో అంచనా వేస్తారు. మా అక్కకు థైరాయిడ్ ఆపరేషన్ అయినప్పుడు ఆ లెక్క కుదరలేదు. మెడ మీద సన్నటి గీత, దాని మీద మెరిసే పొర ఒకటి. కుట్టు ఒక్కటీ కనబడలేదు. "కుట్లే వేయలేదా? ఊడిపోదూ?" అని అమ్మ టెన్షన్ పడింది. ఆ భయం తీర్చడానికే నేను ఈ విషయం చదవడం మొదలుపెట్టాను.

కుట్లు ఉన్నాయి, లోపల. మెడ చర్మం కింద ప్లాటిస్మా అనే పలుచని కండరం పరుచుకుని ఉంటుంది. ఈగ వాలితే ఆవు ఒంటి మీద చర్మం అక్కడికక్కడే జలదరిస్తుంది కదా, ఆ పని చేసే కండరపు పొరకు మనలో మిగిలిన ఆనవాలు ఇది. సర్జన్ ముందు లోతు కండరాలను, తర్వాత ప్లాటిస్మాను కరిగే దారంతో దగ్గరికి చేర్చి కుడతారు. గాయాన్ని విడదీయాలని చూసే లాగుడులో ఎక్కువ భాగం ఆ లోపలి కుట్ల మీదే పడుతుంది. పైన చర్మం అంచులు ఎగుడుదిగుడు లేకుండా కలిసి ఉంటే చాలు.

గాటు ఎటు పెట్టారన్నదీ ముఖ్యమే. వియన్నాలో కార్ల్ లాంగర్ అనే శరీర శాస్త్రవేత్త శవాల చర్మానికి గుండ్రటి మొనతో రంధ్రాలు పొడిచి చూశాడు. అవి గుండ్రంగా నిలవక కోలగా సాగాయి. చర్మం ఒక్కో చోట ఒక్కో దిశలో బిగుసుకుని ఉంటుందని ఆయన 1861లో వివరించాడు. మెడ మీద ఆ బిగువు దాదాపు అడ్డంగా సాగుతుంది, గాటూ ఆ దిశలోనే పెడితే అంచుల మీద లాగుడు తగ్గుతుంది. థైరాయిడ్ శస్త్రచికిత్సకు 1909లో నోబెల్ బహుమతి అందుకున్న స్విస్ సర్జన్ థియోడర్ కోకర్ పేరుతో నేటికీ పిలిచే గాటు కూడా కాలర్ పట్టీలా అడ్డంగానే ఉంటుంది. మెడ మడతలో పడిన మచ్చ మడతలోనే కలిసిపోతుంది.

ఇక పైచర్మం సంగతి. స్టేపుల్ పిన్నులైతే నిమిషంలో పని అయిపోతుంది, కానీ తీసేటప్పుడు నొప్పి. బయటికి కనబడే కుట్లను వారం దాటి ఉంచేస్తే సూది రంధ్రాల వెంట చర్మం లోపలికి పెరిగి, రైలు పట్టాల్లాంటి గుర్తులు మిగలవచ్చు. అందుకే చాలామంది సర్జన్లు చర్మం లోపలే పాములా మెలికలు తిరుగుతూ పోయే ఒకే దారంతో కుడతారు. అది దానంతటదే కరిగిపోతుంది. ఎన్ని కుట్లంటే ఏం చెబుతాం?

అక్కకు వాడింది గ్లూ. 1942లో తుపాకీ గురిచూసే పరికరాల కోసం పారదర్శకమైన ప్లాస్టిక్ తయారుచేయబోయిన హ్యారీ కూవర్ బృందానికి తగిలిన పదార్థమే ఇది. ముట్టుకున్న ప్రతిదానికీ అంటుకుంటోందని అప్పుడు పక్కన పెట్టేశారు. వియత్నాం యుద్ధంలో రక్తం ఆపడానికి స్ప్రేగా వాడారు. చర్మం అతికించే రకానికి అమెరికాలో 1998లో అనుమతి వచ్చింది. మన ఫెవిక్విక్ కూడా ఈ కుటుంబానిదే అయినా దాన్ని గాయానికి పూయకూడదు. దాని అణువులు పొట్టివి. త్వరగా విరిగి కణజాలానికి హాని చేస్తాయి, వేడి కూడా పుట్టిస్తాయి. వైద్యానికి వాడేదాని అణువుల గొలుసు పొడవు. దాన్ని కూడా అంచుల మధ్యకు దిగనివ్వకుండా పైనే పూస్తారు, మధ్యలో చేరితే అతుకు పడనివ్వదు. వారం పది రోజుల్లో పొరలా రాలిపోతుంది. ఆలోపు ఆయింట్‌మెంట్లు, నూనెలు రాస్తే ముందే వదులవుతుంది. అమ్మ చేతిలోంచి కొబ్బరినూనె సీసా లాక్కోవాల్సి వచ్చింది.

శరీరంలోని రకరకాల గాయాల మీద జరిగిన పరీక్షలను కలిపి చూసిన 2014 నాటి కాక్రేన్ (వైద్య పరీక్షల ఫలితాలను బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ) సమీక్షలో, గ్లూ కన్నా కుట్లు వేసిన గాయాలే తక్కువగా విచ్చుకున్నాయి. మచ్చ అందంలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. మెడ గాయం చిన్నది, లోపల గట్టిగా కుట్టి ఉంటుంది కాబట్టి గ్లూ సరిపోతుందనే నా అభిప్రాయం.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసింది మరొకటి. థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత, ఎక్కువగా మొదటి 24 గంటల్లో, అరుదుగా లోపల రక్తం గూడుకట్టి ఊపిరి ఆడకుండా చేస్తుంది. అప్పుడు థియేటర్‌కు తీసుకెళ్లే వ్యవధి కూడా ఉండకపోవచ్చు, మంచం మీదే గాయం తెరవాలి. పిన్నులైతే చటుక్కున తీయొచ్చని కొందరు వాటినే ఇష్టపడేవారు. కానీ పైచర్మం తెరిస్తే సరిపోదు. 2022లో బ్రిటన్ నిపుణుల మార్గదర్శకాలు చెప్పిన వరుస ఇది: కట్టు తీయాలి, కుట్లు కోయాలి, చర్మం తెరవాలి, కింది కండరాలనూ తెరవాలి, గాయంలో గాజుగుడ్డ కూరాలి. ఆ సామాను మంచం పక్కనే ఉండాలి. ఆ రాత్రి అక్క మంచం పక్కన పెట్టి ఉన్న చిన్న ట్రేను చూసి అదెందుకో నాకు అర్థం కాలేదు.

ఆరో వారంలో ఆ గీత ఎర్రబడి కాస్త ఉబ్బింది. చర్మానికి బలాన్నిచ్చే కొల్లాజెన్ అనే ప్రోటీన్ కొత్తగా పేరుకునే దశలో చాలామందికి అలాగే ఉంటుంది. మూడు నెలలకు అతుకు అసలు చర్మం బలంలో సుమారు 80 శాతానికి చేరుతుంది, పూర్తిగా ఎప్పటికీ చేరదు. రంగు తగ్గడానికి ఏడాది పైనే పట్టొచ్చు. అన్నాళ్లూ అక్క ఎండలోకి వెళ్లేటప్పుడు మెడ చుట్టూ చున్నీ కప్పుకునేది. పుస్తెలతాడు గీత మీద రాసుకోకుండా కొంచెం పొడవు పెట్టించుకుంది.