కోడికి నిజంగానే హార్మోన్ ఎక్కించిన రోజులు

"బ్రాయిలర్ కోడికి హార్మోన్ ఇంజెక్షన్లు వేస్తారట" అనే మాట చికెన్ కొట్ల దగ్గరా వాట్సాప్‌లోనూ ఏళ్లుగా నలుగుతోంది. ఆడపిల్లలు తొందరగా పెద్దమనుషులు కావడం నుంచి ఊబకాయం దాకా అన్నిటికీ దాన్నే దోషిని చేస్తుంటారు. ఇప్పటి కోడి విషయంలో అది నిజం కాదు. అలాగని ఉత్త గాలికబురూ కాదు. అమెరికాలో 12 ఏళ్లపాటు, ప్రభుత్వ అనుమతితోనే, కోళ్లకు హార్మోన్ ఎక్కించారు. అదీ కోడిపిల్లలు తొందరగా ఎదగాలని కాదు, వాటికి కొవ్వు పట్టాలని.

పుంజుకి వృషణాలు తీసేస్తే బలుస్తుందని ఐరోపా రైతులకు ఎన్నో తరాలుగా తెలుసు. ఎందుకు అన్నది మాత్రం తెలియదు. 1849లో జర్మనీలోని గొట్టింగెన్‌లో బెర్తోల్డ్ అనే శాస్త్రవేత్త ఆరు పుంజుపిల్లల మీద ప్రయోగం చేశాడు. వృషణాలు పూర్తిగా తీసేసినవాటికి తురాయి పెరగలేదు, కూత లేదు, కొట్లాట లేదు. తీసిన వృషణాన్ని కడుపులోనే మరోచోట అతికించినవి మామూలు పుంజుల్లాగే ఎదిగాయి. నరాలు తెగిపోయాయి కాబట్టి ఈ కబురు రక్తంలోంచే వెళ్తోందని ఆయన తేల్చాడు. 'హార్మోన్' అనే పేరు 1905లో గానీ రాలేదు. అంటే ఆ శాస్త్రానికి తొలి పాఠం చెప్పింది కోడిపుంజే.

అసలు కథ 1938లో మొదలైంది. లండన్‌లో డాడ్స్ బృందం స్టిల్‌బెస్ట్రాల్ అనే కృత్రిమ ఈస్ట్రోజెన్‌ని, అంటే ఆడ హార్మోన్‌ని, తయారుచేసింది. అదే ఏడాది కాలిఫోర్నియాలో లోరెంజ్, ఆయన సహచరులు కోళ్ల రక్తంలో కొవ్వు ఎంతుందో కొలిచారు. గుడ్లు పెట్టే పెట్టలో అది విపరీతంగా ఎక్కువని తేలింది. కారణం సులువుగానే అర్థమవుతుంది. గుడ్డుకొచ్చే ముందు పెట్ట ఒంట్లో ఈస్ట్రోజెన్ పెరుగుతుంది. అది కాలేయం చేత కొవ్వు తయారు చేయించి రక్తంలోకి వదిలిస్తుంది, అక్కణ్నుంచి అది పచ్చసొనకు చేరుతుంది. ఒక్కో గుడ్డులో అయిదారు గ్రాముల కొవ్వు ఉంటుంది మరి.

అదే హార్మోన్ పుంజుకి ఇస్తే? కాలేయం అలాగే కొవ్వు తయారుచేస్తుంది. కానీ పుంజులో సొన ఎక్కడుంది? రక్తంలోని ద్రవం పాలలా తెల్లబడుతుంది, కొవ్వు చర్మం కిందా కడుపులోనూ పేరుకుంటుంది. మాంసం మెత్తబడుతుంది. కత్తి పెట్టకుండానే పుంజుని బలిపించే దారి వ్యాపారులకు దొరికింది. 1947లో అనుమతి వచ్చింది. చిన్న స్టిల్‌బెస్ట్రాల్ గుళికని మెడ పైభాగంలో, చర్మం కింద దూర్చేవారు. తలా మెడా ఎలాగూ పారేసేవే కాబట్టి మిగిలిన మందు మనిషి నోటికి రాదని లెక్క వేసుకున్నారు.

ఆ పారేసిన తలకాయలే కొంప ముంచాయి. బొచ్చు కోసం మింక్ అనే జంతువుల్ని పెంచేవాళ్లు వాటిని మేతగా వేస్తే, మింక్‌లకు పిల్లలు పుట్టడం ఆగిపోయింది. తర్వాత కోడి చర్మంలోనూ కాలేయంలోనూ మందు అవశేషాలు బయటపడ్డాయి. 1959 డిసెంబరులో కోళ్లలో దాని వాడకాన్ని ఆపించారు. ఒక కంపెనీ కోర్టుకెక్కినా 1966లో ఓడిపోయింది. గర్భంతో ఉన్నప్పుడు తల్లులు ఈ మందు వాడితే వాళ్ల ఆడపిల్లలకు అరుదైన క్యాన్సర్ వస్తోందని 1971లో తేలాక స్టిల్‌బెస్ట్రాల్ పేరు పూర్తిగా చెడింది. హార్మోన్ కోడి భయానికి మూలం ఇక్కడే ఉందని నా అంచనా. మందు పోయింది, భయం మాత్రం ఖండాలు దాటి వచ్చింది.

కోడి కొవ్వు మనిషి కొవ్వులా నడవదని కూడా ఈ క్రమంలోనే తెలిసింది. కొత్త కొవ్వు తయారీ చాలామటుకు కాలేయంలోనే జరుగుతుందని 1960ల చివర్లో రుజువైంది. నిల్వ కొవ్వుని కరిగించే పనిలో ముఖ్యపాత్ర, రక్తంలో చక్కెరని పెంచే గ్లూకగాన్ అనే హార్మోన్‌ది. మనకు గుర్తుండే అడ్రినలిన్ ప్రభావం కోడిలో అంతంతమాత్రం. రక్తంలో చక్కెర మనిషికి షుగర్ వ్యాధి అనిపించే స్థాయిలో, అంటే 200 పైన, ఉండటం ఆరోగ్యంగా ఉన్న కోడికి మామూలే. కుక్కకు క్లోమం తీసేస్తే షుగర్ వస్తుందని కనిపెట్టిన మింకోవ్‌స్కీకి 1890ల్లో బాతుల దగ్గర ఆ ఫలితం రాలేదు. 1962లో జపాన్ పరిశోధకులు గ్లూకగాన్ కణాలు ఎక్కువగా ఉండే క్లోమం ముక్కని కోళ్లలో తీసేస్తే చక్కెర పెరగకపోగా పడిపోయింది.

ఈస్ట్రోజెన్ దెబ్బ పుంజుకే కాదు, పెట్టకీ తగులుతుంది. బాగా గుడ్లు పెడుతున్న లేయర్ కోడి ఉన్నట్టుండి చచ్చిపడితే, కోసి చూస్తే కాలేయం పసుపుపచ్చగా, ముట్టుకుంటే చిదిగేలా ఉంటుంది. పక్కన రక్తం గడ్డకట్టి కనిపిస్తుంది. దీన్ని 1956లో గుర్తించారు. పంజరంలో కదలిక లేకపోవడం, శక్తి ఎక్కువున్న మేత, ఎండ దీనికి తోడవుతాయి. అందుకే వేసవిలో తణుకు, అనపర్తి వైపు లేయర్ రైతులకు ఇది పాఠ్యపుస్తకం సంగతి కాదు.

మరి ఇప్పటి బ్రాయిలర్ ఆరు వారాల్లోనే రెండు కిలోలు ఎలా తూగుతోంది? జాతి ఎంపిక వల్ల. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం 1957, 1978 నాటి జాతుల్నీ 2005 నాటి జాతినీ ఒకే మేతతో పెంచింది. 56 రోజులకు మొదటిది 905 గ్రాములు, రెండోది 1,808, మూడోది 4,202 తూగాయి. వేలాది కోళ్లున్న షెడ్డులో గ్రోత్ హార్మోన్ ప్రొటీన్‌ని మాటిమాటికీ సూదితో ఎక్కించడం ఏ రైతుకీ గిట్టుబాటు కాదు. కొక్కెర తెగులు రాకుండా కంట్లో వేసే లసోటా టీకా చుక్కలు, లేయర్లకు వేసే టీకా సూదులు చూసి ఎవరైనా పొరపాటు పడి ఉండొచ్చు. అడగాల్సింది యాంటీబయాటిక్స్ సంగతి. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ని మన దేశంలో పశువులకూ కోళ్లకూ వాడకుండా 2019లో గానీ నిషేధించలేదు.

ఒక చిక్కుముడి ఈ మధ్యే విడింది. ఒంట్లో కొవ్వు చాలని మెదడుకి చెప్పే లెప్టిన్‌ని 1994లో ఎలుకల్లో కనుక్కున్నారు. కోడిలోనూ దొరికిందని 1998లో ప్రకటించారు గానీ అది అచ్చం ఎలుక లెప్టిన్‌లాగే ఉండటంతో అనుమానాలు రేగాయి. 2004లో కోడి జన్యుపటం వచ్చినా అందులో కనబడలేదు. అసలుది 2016లో బయటపడింది. తీరా చూస్తే కోడిలో అది కొవ్వు నుంచి మెదడుకి కబురు మోసేదిగా కనిపించలేదు. బ్రాయిలర్ల తల్లిదండ్రుల మందకు మాత్రం ఈనాటికీ మేత తూకం వేసి పెట్టాల్సిందే. వదిలేస్తే అవి అతిగా తిని కొవ్వు పట్టి గుడ్లు తగ్గించేస్తాయి.