తేలినీలాపురం వెళ్లే ముందు

చిట్టీ, బుజ్జీ,

సంక్రాంతి సెలవుల్లో అందరం మన శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడు కట్టే గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగల దగ్గరికి వెళ్దామన్నారట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నౌపడ జంక్షన్‌లో రైలు దిగి ఆటో ఎక్కుదాం. ఊరు ఇంకాస్త దూరం ఉందనగా దిగిపోయి నడుద్దాం. ఆటో చప్పుడుతో గూళ్ల కిందికి పోవడం నాకు ఇష్టముండదు.

అక్కడ బోనులు ఉండవు. ఊళ్లోని చింతచెట్ల మీదే గూళ్లు. తిండి దొరికేదేమో నౌపడ తంపరలో, అంటే అక్కడి చిత్తడి నేలలో, ఉప్పుమళ్ల వైపు. మరి ఊళ్లోకొచ్చి ఎందుకు గూడు కడతాయంటారా? చెట్లు ఎత్తుగా ఉంటాయి, తంపర దగ్గర, పైగా అక్కడ ఎవరూ రాయి విసరరు. ఈ పిట్టలొస్తే పంటలు బాగుంటాయని ఊరివాళ్ల నమ్మకం. అందుకే ఆ గోల, రెట్ట కంపు అన్నీ ఓర్చుకుంటారు. మనమైతే రెండోరోజుకే గొడవ పెట్టుకునేవాళ్లం!

ఇవి సైబీరియా నుంచి వస్తాయని ఎవరో ఒకరు మీకు చెప్పే తీరుతారు. గూడబాతు మన దక్షిణాసియా పిట్టే, సైబీరియాలో గూడు కట్టదు. ఎర్రకాళ్ల కొంగా అంతే. వానలు పడి చెరువులు నిండాక సెప్టెంబరు, అక్టోబరుల్లో వస్తాయి, పిల్లలు ఎగరడం నేర్చాక మార్చి, ఏప్రిల్‌కి వెళ్లిపోతాయి. పురిటికి పుట్టింటికొచ్చే ఆడపిల్లల్లాంటివి. వాటిని పట్టుకుని విదేశీ అతిథులంటే ఎలా?

గూడబాతు ముక్కు కింది సంచీని బాగా చూడండి. అందులో చేపలు దాచుకుని మోసుకొస్తుందనుకుంటారు చాలామంది. అది వల. నీళ్లతో సహా చేపను తోడుకుంటుంది, నీళ్లు వంపేసి చేపను మింగేస్తుంది. గూటికి చేరాక దాన్ని మళ్లీ పైకి తెస్తుంది. అప్పుడు పిల్ల తల్లి నోట్లోకి తలంతా దూర్చేసి తింటుంది. మొదటిసారి చూసినవాళ్లు తల్లి పిల్లని మింగేస్తోందని హడలిపోతారు. బుజ్జీ, నువ్వు మాత్రం కేక పెట్టకు.

ఎర్రకాళ్ల కొంగను తంపరలోనే చూడాలి. పసుపు ముక్కు, తోక దగ్గర గులాబీ రంగు ఈకలు. బురదనీళ్లలో ముక్కు సగం తెరిచి ముంచి అటూఇటూ తిప్పుతుంది, కాలితో అడుగు బురదను కదుపుతుంది. చేప ముక్కుకి తగిలిందా, టప్పున మూసేస్తుంది. కంటితో పనే లేదు. ఈ వేట చూడాలంటే ఒకేచోట చాలాసేపు నిలబడాలి. బైనాక్యులర్స్ కోసం కొట్లాడుకోకండి, వంతులు వేసుకోండి.

గూట్లోంచి జారిపడిన పిల్ల కనబడితే ముట్టుకోవద్దు, అటవీశాఖ వాళ్లకి చెబుదాం. చప్పట్లు కొట్టొద్దు. పెద్దపిట్టలు బెదిరి లేస్తే కాకులు గుడ్లెత్తుకుపోతాయి. కొమ్మ కూడా విరవొద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మన జిల్లాలో ఎన్ని చెట్లు కూలాయో మీ నాన్నని అడగండి. చింతచెట్టు అంత ఎత్తు ఎదగాలంటే దశాబ్దాలు పడుతుంది.

టోపీలు తప్పకుండా తెచ్చుకోండి, ఎండ కోసం కాదు. కొత్తబట్టలు పండగకి ఉంచుకుని ఆ రోజుకి పాతవి వేసుకోండి. అమ్మమ్మ పులిహోర కలుపుతానంది. చెట్ల కింద మూట విప్పితే ఏమవుతుందో మీకే తెలుసు కాబట్టి, తంపర గట్టుకి చేరాకే తిందాం.

ఆశీస్సులతో,
మీ తాత