ఉపగ్రహానికి మనమెవరో తెలియదు

ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, లొకేషన్ ఒక్కటి ఆన్‌లో ఉంచి ఆరుబయట నడిచి చూడండి. ముందే డౌన్‌లోడ్ చేసుకున్న మ్యాప్ ఉంటే, దానిమీద నీలి చుక్క మీతోపాటే కదులుతుంది. ఫోన్ ఎవరికీ ఏ సిగ్నలూ పంపడం లేదు, అయినా తానెక్కడుందో దానికి తెలుస్తోంది. ఉపగ్రహాలు పైనుంచి మనల్ని కనిపెడుతుంటాయని చాలామంది అనుకుంటారు గానీ, మనం ఉన్నామన్న సంగతే వాటికి తెలియదు. రేడియో స్టేషన్‌కి ఎవరు వింటున్నారో తెలియనట్టే.

జీపీఎస్ ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో రోజుకు రెండుసార్లు భూమిని చుట్టొస్తాయి. ఒక్కోటి ఆపకుండా చెప్పేది ముఖ్యంగా రెండు ముక్కలు: నేనెక్కడున్నాను, ఇప్పుడు టైమెంత. సరిగ్గా నెత్తిమీదున్న ఉపగ్రహం నుంచి ఆ మాట కాంతి వేగంతో వచ్చినా, సుమారు సెకనులో పదిహేనో వంతు పడుతుంది. ఎంత ఆలస్యంగా చేరిందో తెలిస్తే ఎంత దూరమో తెలిసినట్టే. అలా మూడు దూరాలు తెలిస్తే మనముండే చోటు దొరికిపోవాలి.

కానీ దొరకదు, నాలుగో ఉపగ్రహం కావాలి. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చేది ఇదే. ఉపగ్రహంలో ఉండేది ఎంతో కచ్చితంగా నడిచే అణు గడియారం, ఫోన్‌లో ఉండేది చేతి వాచీల్లో ఉండేలాంటి మామూలు క్వార్ట్జ్ ముక్క. సెకనులో పది లక్షలో వంతు, అంటే ఒక్క మైక్రోసెకను తేడా వస్తే చాలు, దూరం 300 మీటర్లు తప్పుతుంది. అణు గడియారాన్ని జేబులో పెట్టుకుని తిరగలేం కాబట్టి, ఫోన్ తన గడియారం ఎంత తప్పిందన్నది కూడా తేలాల్సిన లెక్కల్లో ఒకటిగా వేసుకుంటుంది. ఆ తప్పు అన్ని దూరాల్లోనూ ఒకే మోతాదులో కలిసి ఉంటుంది, అందుకే నాలుగో దూరం చేతికొస్తే దాన్ని పట్టుకోవచ్చు. చోటుతోపాటు కచ్చితమైన టైమ్ కూడా తేలిపోతుంది!

పైనున్న గడియారాలకూ ఓ చిక్కుంది. అంత ఎత్తులో గురుత్వాకర్షణ తక్కువ కాబట్టి అవి రోజుకు 45 మైక్రోసెకన్లు ముందుకు, వాటి వేగం వల్ల 7 మైక్రోసెకన్లు వెనక్కి పోతాయి. మిగిలిన 38 మైక్రోసెకన్లలో కాంతి 11 కిలోమీటర్లు దాటేస్తుంది. అందుకే పంపేముందే, నేలమీద ఉండగానే, వాటిని కాస్త నెమ్మదిగా నడిచేలా సర్దుతారు. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం మన జేబులో పనిచేస్తోందంటే ఇందుకే.

ఇక సిగ్నల్ మనదాకా వచ్చేసరికి ఎంత నీరసపడుతుందంటే, చుట్టూ ఉన్న రేడియో రొద కంటే కూడా కిందే ఉంటుంది. అయితే ఒక్కో ఉపగ్రహానికి 1,023 గుర్తుల సొంత వరస ఒకటుంది, అది ప్రతి మిల్లీసెకనుకూ తిరిగి మొదలవుతుంది. ఆ వరసలన్నీ ఫోన్‌కి ముందే తెలుసు, కాబట్టి వచ్చిన రొద మీద దాన్ని అటూ ఇటూ జరుపుతూ ఎక్కడ సరిపోతుందో వెతుకుతుంది. గోలగా ఉన్న గుంపులో కూడా మన పేరు వినబడితే చెవి పట్టేస్తుంది కదా, అలా.

ఉపగ్రహం తన దారి వివరాల్ని సెకనుకు 50 బిట్ల చొప్పున చెబుతుంది, అవి పూర్తవడానికే అర నిమిషం దాకా పడుతుంది. నెట్ ఉంటే ఫోన్ వాటిని అక్కడినుంచి క్షణాల్లో తెచ్చేసుకుంటుంది. ఫ్లైట్ మోడ్‌లో చుక్క ఆలస్యంగా కుదురుకోవడానికి కారణం ఇదే, ఫోన్ పాడైందని కంగారు పడక్కర్లేదు.

ఎత్తైన భవనాల మధ్య మాత్రం సిగ్నల్ గోడలకు తగిలి చుట్టుదారిలో వస్తుంది. దారి పొడుగైంది కాబట్టి దూరం ఎక్కువనిపించి, చుక్క పక్క వీధిలోకి దూకేస్తుంది. అలాంటప్పుడు నాలుగడుగులు వేసి, ఆకాశం కాస్త విశాలంగా కనిపించే చోట నిలబడితే అది మళ్లీ మన దగ్గరికొచ్చేస్తుంది.